కారు అద్దం పైకి రావట్లేదా? మోటారు కొనేముందు ఇవి చూడండి

అద్దం దించారు, మళ్ళీ ఎక్కించబోతే కదల్లేదు. ఇలాంటప్పుడు అందరి నోటా ముందు వచ్చే మాట "మోటారు పోయింది". పోయి ఉండొచ్చు. కానీ దాన్ని దించింది కూడా ఆ మోటారే కదా! పవర్ విండోలో పైకి ఒకటి, కిందికి ఒకటి అని రెండు మోటార్లు ఉండవు. ఉన్నది ఒక్కటే. దానికొచ్చే రెండు వైర్లలో కరెంటు దిశ మారితే అది తిరిగే దిశ మారుతుంది, అంతే. కాబట్టి అద్దం ఇప్పటికీ ఇంకాస్త కిందికి దిగుతూ, పైకి మాత్రం రాకపోతే అనుమానం స్విచ్ మీదకి, అద్దం జారే రబ్బరు గాడి మీదకి ముందు పోవాలి, మోటారు మీదకి ఆ తర్వాత.

ముందు అద్దాన్ని పైకి తెచ్చుకోండి

బయట చినుకులు పడుతుంటే తప్పు వెతకడం తర్వాత. ఇంజిన్ స్టార్ట్ చేయండి. ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులుండేది ఇంజిన్ నడుస్తుంటే 14 దాకా వస్తుంది, నీరసించిన మోటారుకి ఆ కాస్త చాలు. ఏసీ, హెడ్‌లైట్లు ఆపేయండి. ఒకరిని లోపల కూర్చోబెట్టి స్విచ్‌ని పైకి లాగి పట్టుకోమనండి. మీరు బయట నిలబడి అద్దాన్ని రెండు అరచేతుల మధ్య, లోపల ఒకటి బయట ఒకటి, గట్టిగా అదిమి పైకి జరపండి. లోపలివాళ్ళు స్విచ్‌ని రెండు సెకన్లు పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకోవాలి. వేళ్ళు మాత్రం పై అంచు దగ్గర ఉంచొద్దు. ఉన్నట్టుండి మోటారు అందుకుంటే ఫ్రేముకీ అద్దానికీ మధ్య నలిగిపోతాయి.

అసలు చలనమే లేకపోతే ఇంకో రెండు పనులున్నాయి. ఒకటి, అదే స్విచ్‌ని పైకీ కిందికీ గబగబా ఇరవై సార్లు ఆడించండి. లోపలి రాగి మొనల మీద పట్టిన మసి రాసుకుపోయి ఒక్కసారైనా కరెంటు దాటొచ్చు. రెండు, స్విచ్‌ని పైకి పట్టుకుని ఉండగానే, లోపలి హ్యాండిల్‌కి దిగువన తలుపు మీద పిడికిలితో నాలుగు తట్లు తట్టండి. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉంటే, ఈ దెబ్బకి అవి కదిలి మోటారు ఒకసారి పనిచేస్తుంది. అలా తట్టగానే అద్దం లేచిందంటే నిజంగానే ఆ మోటారుకి రోజులు దగ్గరపడ్డాయని అర్థం.

చాలాసేపు స్విచ్ నొక్కుతూ ప్రయత్నించి ఉంటే పది నిమిషాలు ఆగండి. మోటారు వేడెక్కితే దానంతటదే కరెంటు కట్ చేసుకునే ఏర్పాటు లోపలే ఉంటుంది. చల్లారితే మళ్ళీ తిరుగుతుంది.

ఎలాగో పైకి వచ్చాక "సరిగ్గా ఉందా లేదా" అని దించి చూడకండి. అందరూ చేసే పని అదే. మిగతా తలుపుల స్విచ్‌లు పనిచేయకుండా ఆపే విండో లాక్ బటన్ నొక్కి పెట్టండి. అద్దం జారుతోందనిపిస్తే పై అంచు నుంచి ఫ్రేము మీదుగా మాస్కింగ్ టేపు వేయండి. బ్రౌన్ ప్యాకింగ్ టేపు ఎండకి పెయింటు మీద అతుక్కుపోయి, తీసేటప్పుడు జిగురంతా మిగిలిపోతుంది.

చెవి పెట్టి వినండి

తలుపు విప్పకముందే తప్పెక్కడో చాలావరకు చెప్పే పరీక్ష ఇది, పైసా ఖర్చు లేదు. ఇంజిన్ ఆపి, కీ ఆన్ చేసి, లోపలి పైకప్పు లైటు వెలిగించి, తలుపు దగ్గర చెవి పెట్టి స్విచ్‌ని పైకి లాగండి.

ఏ శబ్దమూ లేదు, లైటు వెలుగూ తగ్గలేదు అంటే మోటారు దాకా కరెంటు చేరడం లేదు, లేదా మోటారు లోపలే తీగ తెగింది. ఫ్యూజు, స్విచ్, వైర్లు చూడాలి.

"టక్" అని చిన్న శబ్దం వచ్చి లైటు కాస్త మసకబారిందంటే కరెంటు అందుతోంది, మోటారు తిరగలేకపోతోంది. అద్దం రబ్బరులో బిగుసుకుపోయి ఉండాలి, లేదా మోటారు పట్టేసి ఉండాలి.

మోటారు "గుయ్" మని హాయిగా తిరుగుతోంది, అద్దం మాత్రం కదలదు. లేదా "కరకర", "పట్‌పట్" మని ప్లాస్టిక్ విరిగిన చప్పుడు. ఇది విండో మెషిన్ తప్పు. అద్దాన్ని ఎత్తి దించే ఇనుప చట్రాన్నే మన స్పేర్ పార్ట్స్ షాపుల్లో విండో మెషిన్ అనో, వైండింగ్ మెషిన్ అనో అంటారు. దాని కేబుల్ తెగి ఉంటుంది, లేదా పుల్లీ పగిలి ఉంటుంది. దీన్ని చేత్తో కూడా రూఢి చేసుకోవచ్చు. మెషిన్ బాగుంటే అద్దాన్ని ఎంత అదిమినా కిందికి దిగదు, మోటారు గేరు దాన్ని పట్టి ఉంచుతుంది. చేతిలో వదులుగా ఆడుతూ దానంతటదే జారిపోతుంటే ఫ్యూజుల జోలికి పోనవసరం లేదు.

ఒక తలుపా, నాలుగూనా

నాలుగు అద్దాలూ ఒకేసారి ఆగిపోతే తలుపులు విప్పకండి. ఫ్యూజు, పవర్ విండో రిలే (కరెంటుని కలిపి తెంపే చిన్న డబ్బా), డ్రైవర్ తలుపులో అన్ని అద్దాల బటన్లూ ఉండే మాస్టర్ స్విచ్ ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌కి కరెంటు తిరిగి వెళ్ళే దారి), తప్పు చాలావరకు ఈ మూడింట్లోనే ఉంటుంది. ఏ ఫ్యూజో ఫ్యూజు బాక్సు మూత లోపలి వైపు బొమ్మలో, లేదా ఓనర్ మాన్యువల్‌లో చూడండి. పవర్ విండోకి సాధారణంగా 20 నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. బ్లేడు ఫ్యూజుల్లో పసుపుపచ్చది 20, రంగులేనిది 25, ఆకుపచ్చది 30. పోయినదాని స్థానంలో అదే నంబరు వేయాలి. దొరకలేదని పెద్ద నంబరు వేయడం, సిగరెట్ పెట్టె రేకు చుట్టడం రెండూ వైరింగు తగలబెట్టుకునే దారులే. కొత్త ఫ్యూజు వేసిన వెంటనే మళ్ళీ పోతే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. చాలాసార్లు తలుపు మడత దగ్గర రబ్బరు గొట్టంలోనే ఆ చోటు దొరుకుతుంది. దాని సంగతి కింద చెబుతాం.

ఒక్క తలుపే అయితే, అది డ్రైవర్‌ది కాకపోతే, రెండు స్విచ్‌లతోనూ చూడండి. తలుపు మీది స్విచ్‌తో రాదు, మాస్టర్ స్విచ్‌తో వస్తుందంటే తలుపు స్విచ్ తప్పు. లేదా విండో లాక్ బటన్ ఎవరో నొక్కి పెట్టారు. పిల్లలున్న ఇంట్లో ఈ రెండోదాన్నే ముందు చూడాలి. తలుపు స్విచ్‌తో వస్తుంది, మాస్టర్‌తో రాదంటే మాస్టర్ స్విచ్ తప్పు. రెంటితోనూ రాకపోతే వైర్లు, మోటారు, మెషిన్. ఇక్కడ ఒక మెలిక ఉంది. పాత తరహా వైరింగులో వెనక తలుపు మోటారుకి ఎర్త్ కూడా మాస్టర్ స్విచ్ మీదుగానే వస్తుంది. అందుకే వెనక అద్దం ఆగిపోయి, ఆ తలుపులో ఏ తప్పూ లేకుండా, డ్రైవర్ తలుపు స్విచ్ మార్చాక బాగుపడుతుంది. వెనక మోటారు మార్చినా పనిచేయని కార్లలో ఒక పెద్ద కారణం ఇదే.

పైదాకా వచ్చి వెనక్కి పోతుంటే

అద్దం పైకి వచ్చి, మూసుకోబోతూ దానంతటదే సగం కిందికి దిగిపోతే అది మోటారు చేసే మారాం కాదు. మధ్యలో చెయ్యో మెడో ఇరుక్కుందనుకుని వెనక్కి తిప్పే రక్షణ ఏర్పాటది. ఒక్క నొక్కుతో పూర్తిగా మూసుకునే అద్దాలకు ఇది ఉంటుంది. రబ్బరు ఎండిపోయి బిగుసుకున్నా, వాన పడకుండా అద్దం పైన పెట్టే ప్లాస్టిక్ రెక్క, అదే డోర్ వైజర్, ఫ్రేము లోపలికి దోపే రకం కొత్తగా పెట్టించినా, సన్ ఫిల్మ్ అంచు ఊడి మడతపడినా, ఆ బిగుతునే అది అడ్డం అనుకుంటుంది. ముందు ఆ అడ్డం తీయండి.

అడ్డమేమీ లేదు, ఈమధ్యే బ్యాటరీ మార్చారు లేదా టెర్మినల్ ఊడదీశారంటే అద్దం తన పై హద్దు మరిచిపోయింది. మళ్ళీ నేర్పాలి. ఇంజిన్ ఆన్ చేసి అద్దాన్ని పూర్తిగా దించండి. ఇప్పుడు స్విచ్‌ని పైకి లాగి పట్టుకోండి. అద్దం మూసుకున్నాక కూడా వదలకుండా ఐదు సెకన్లు అలాగే ఉంచండి. మధ్యలో ఆగిపోతే వదిలి, మళ్ళీ లాగి, కొద్దికొద్దిగా పైకి తెచ్చి ఆ ఐదు సెకన్లు పూర్తిచేయండి. పట్టుకోవాల్సిన సమయం, వరస మోడల్‌ని బట్టి కొంత మారుతుంది, ఓనర్ మాన్యువల్‌లో బ్యాటరీ మార్చడం గురించి రాసిన చోట ఉంటుంది.

నీరసంగా ఎక్కుతుంటే రబ్బరు

కిందికి చకచకా దిగి, పైకి ముక్కుతూ మూలుగుతూ వచ్చే అద్దానికి ముందు చేయాల్సిన వైద్యం ఇదే. దిగేటప్పుడు అద్దం బరువే మోటారుకి సాయం, ఎక్కేటప్పుడు అదే భారం. అద్దం జారే రబ్బరు గాడిలో దుమ్ము చేరి, ఎండకి రబ్బరు గట్టిపడితే తేడా ముందు ఎక్కేటప్పుడే తెలుస్తుంది. ఏళ్ళ తరబడి ఎండలో పార్క్ చేసిన కారులో ఆ గాడిని వేలితో తడిమితే గరుగ్గా ఉప్పుకాగితంలా తగులుతుంది.

అద్దం దించి, ప్లాస్టిక్ స్కేలుకి తడిగుడ్డ చుట్టి, గాడి పొడవునా పైనుంచి కిందిదాకా రెండుమూడుసార్లు తుడవండి. గుడ్డకి మట్టి అంటడం ఆగేదాకా తుడవాలి. ఆరాక సిలికాన్ స్ప్రే గొట్టాన్ని గాడిలోకి దూర్చి సన్నగా కొట్టండి. అద్దాన్ని ఐదారుసార్లు ఎక్కించి దించి, గ్లాసు మీద చేరిన జిడ్డు తుడిచేయండి. కొబ్బరినూనె, ఇంజిన్ ఆయిలు, గ్రీజు పనికిరావు. రెండు రోజులు నున్నగా జారుతుంది, ఆ తర్వాత దుమ్మంతా వాటికే అంటుకుని మొదటికంటే బిగుస్తుంది. పైగా ముడిచమురు నుంచి వచ్చే నూనెలు రబ్బరుని ఉబ్బేలా చేస్తాయి.

తలుపు విప్పడం

ఇంతదాకా చూసినా దొరకలేదంటే విప్పాల్సిందే. కావల్సినవి: స్టార్ స్క్రూ డ్రైవరు, 10 నంబరు సాకెట్, ప్లాస్టిక్ ట్రిమ్ టూలు, మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు), మాస్కింగ్ టేపు, నాలుగైదు కొత్త డోర్ క్లిప్పులు. క్లిప్పులు ముందే కొనిపెట్టుకోండి. పాతవి విప్పేటప్పుడు ఒకటి రెండు విరక్క మానవు. అవి లేకుండా బిగిస్తే తలుపు గతుకుల్లో గడగడలాడుతుంది.

స్క్రూలు చాలా కార్లలో మూడు చోట్ల దాగుంటాయి: లోపలి హ్యాండిల్ వెనక చిన్న ప్లాస్టిక్ మూత కింద, తలుపు లాక్కునే గుంట అడుగున, కింది అంచున. అన్నీ తీశాక కింది మూల నుంచి ట్రిమ్ టూలు దూర్చి, క్లిప్పు పక్కనే ఆనించి పెకలించండి. దూరం నుంచి లాగితే ప్యాడ్, అంటే తలుపు లోపలి ప్లాస్టిక్ పలక, పగులుతుంది. క్లిప్పులన్నీ ఊడాక ప్యాడ్‌ని పైకి ఎత్తితే వస్తుంది. వెంటనే గుంజకండి. వెనక స్విచ్ కప్లర్ (వైర్లని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు), హ్యాండిల్ కేబుల్ వేలాడుతుంటాయి.

లోపల తలుపుకి పాలిథిన్ షీటు నల్లటి జిగురుతో అతికించి ఉంటుంది. దాన్ని చింపకుండా, జిగురుని బ్లేడుతో కోస్తూ సగం దాకా ఒలవండి. చాలామంది దీన్ని చింపి పారేస్తారు. అద్దం పక్కనుంచి తలుపులోకి దిగే వాననీరు ఆ షీటు ఉండబట్టే కిందికి జారి, అడుగున ఉన్న కన్నాల్లోంచి బయటికి పోతుంది. షీటు లేకపోతే కాళ్ళ కింద కార్పెట్టు తడుస్తుంది, స్పీకరు పాడవుతుంది.

కొన్ని కార్ల తలుపుల్లో సైడ్ ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ ఉంటుంది. ఏ కప్లర్ దేనిదో తెలియకుండా ఊడదీయకండి. ఊడి ఉండగా కీ ఆన్ చేస్తే డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, దాన్ని స్కానర్‌తో (కారు కంప్యూటరులోని తప్పులు చదివే యంత్రం) తీయించాల్సి రావచ్చు.

మీటరుతో తేల్చుకోవడం

మోటారు కప్లర్‌కి వచ్చే వైర్లు లెక్కపెట్టండి. రెండే ఉంటే కింది పరీక్ష చేయొచ్చు. నాలుగు, ఆరు ఉంటే మోటారులోనే కంట్రోలు బోర్డో, సెన్సరో ఉంది. దానికి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు పెట్టకండి, బోర్డు కాలిపోతుంది. అది స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్ పని.

కప్లర్ తగిలించే ఉంచి, మీటరుని 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల తీగని తలుపు ఇనుముకి కాకుండా బ్యాటరీ నెగటివ్‌కి గానీ, తలుపు కీలు బోల్టుకి గానీ తగిలించండి. ఎర్ర తీగతో మోటారు వైర్లు రెండూ ఒక్కొక్కటిగా చూడండి. స్విచ్ ముట్టుకోకుండా ఉన్నప్పుడు రెండూ సున్నా చూపాలి, ఎందుకంటే విశ్రాంతిలో రెండూ స్విచ్ ద్వారా ఎర్త్‌కే కలిసి ఉంటాయి. స్విచ్‌ని పైకి లాగితే ఒకటి 12కి ఎగబాకాలి, రెండోది సున్నాలోనే ఉండాలి.

రెండూ సున్నాలోనే ఉండిపోతే ప్లస్ రావడం లేదు. స్విచ్‌లో పైకి పంపే మొన కాలిపోయింది, లేదా మధ్యలో వైరు తెగింది. రెండూ 12 చూపితే చాలామంది తికమకపడతారు. ప్లస్ వచ్చింది, మోటారు చుట్ట గుండా దాటి రెండో వైరులోకీ వచ్చింది, కానీ అక్కడ ఎర్త్ లేదు. రెండో వైరుని విశ్రాంతిలో ఎర్త్‌కి కలపాల్సిన మొన పాడైంది. దిగుతుంది గానీ ఎక్కదు అనే అద్దాల్లో తప్పు ఎక్కువగా ఈ రెండు మొనల్లో ఒకదానిదే.

ఒకటి 12, రెండోది సున్నా చూపుతూ మోటారు మాత్రం కదలకపోతే, అప్పుడు ధైర్యంగా మోటారునో మెషిన్‌నో అనుమానించండి. ఒకవేళ మోటారు తిరుగుతోంది, కానీ నీరసంగా తిరుగుతోందంటే తిరుగుతున్నప్పుడే రెండు వైర్ల మధ్య వోల్టేజి చూడండి. బ్యాటరీ వోల్టేజికి ఒక వోల్టు లోపు తేడా ఉండొచ్చు. 9, 10 చూపితే మోటారుది కాదు తప్పు, దారిలో ఎక్కడో చిలుము పట్టింది.

మోటారుని నేరుగా చూడాలంటే కప్లర్ ఊడదీసి, 20 ఆంపియర్ల ఫ్యూజు కలిపిన వైరుతో బ్యాటరీ నుంచి రెండు పిన్నులకు రెండు మూడు సెకన్లు మాత్రం కరెంటు ఇవ్వండి. అటు నుంచి ఇటు మార్చి ఇవ్వండి. అద్దం రెండు వైపులా చక్కగా కదిలితే మోటారు, మెషిన్ రెండూ బాగున్నట్టే. ఆగిపోయిన అద్దాన్ని పైకి చేర్చడానికీ ఇదే పద్ధతి.

తలుపు మడతలో తెగే వైరు

తలుపుకీ బాడీకీ మధ్య నల్ల రబ్బరు గొట్టం ఉంటుంది. తలుపు తీసిన ప్రతిసారీ లోపలి వైర్లు అక్కడ మడతపడతాయి. ఏళ్ళ తర్వాత రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి, పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. స్విచ్‌ని పైకి పట్టుకుని తలుపుని మెల్లగా తీసి మూయండి. ఏదో ఒక కోణంలో అద్దం కదిలి ఆగిపోతే దొంగ దొరికినట్టే. గొట్టాన్ని జరిపి ఒక్కో వైరుని మృదువుగా లాగండి. తెగినది సాగుతుంది. అతుకు ఆ మడతలోనే వేయకండి, మళ్ళీ అక్కడే తెగుతుంది. అతుకులు మడతకి బయట పడేలా కొత్త వైరు ముక్క కలిపి, సోల్డరింగ్ చేసి, వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి.

స్విచ్ శుభ్రం చేయడం

మాస్టర్ స్విచ్ వెనక మూత చిన్న లాకుల మీద నిలుస్తుంది. సన్నటి స్క్రూ డ్రైవరుతో వాటిని మెల్లగా తెరవండి, తెల్లటి గుడ్డ పరిచి దాని మీదే తెరవండి. లోపల స్ప్రింగులు చిన్నవి, ఎగిరితే దొరకవు. తెరవకముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి, ప్రతి దశలోనూ తీసుకోండి. లోపల తూగుడుబల్లలా అటూ ఇటూ ఊగే రాగి పలకలు కనిపిస్తాయి. వాటి చివర్ల బుడిపెలు కాలి నల్లగా ఉంటే, లేదా కూల్‌డ్రింకు ఒలికి ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటే అదే తప్పు. మెత్తటి ఉప్పుకాగితాన్ని రెండు మొనల మధ్య పెట్టి రెండు మూడు లాగుళ్ళు లాగండి. గరుకుది వాడితే పైపూత పోయి వారంలో మళ్ళీ కాలుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక బిగించండి. మొనలు గుంటలు పడి ఉంటే శుభ్రం చేసి లాభం లేదు, స్విచ్ మార్చాలి.

మెషిన్ మార్చడం

కేబుల్ రకం మెషిన్ విప్పి చూస్తే డ్రమ్ చుట్టూ తెగిన తీగ పోగులు పిచ్చుకగూడులా చిక్కుపడి ఉంటాయి. దాన్ని బాగుచేయాలని కూర్చోకండి. మోటారుతో కలిపి మొత్తం మెషిన్ దొరికితే అదే కొనండి. కొనేటప్పుడు ముందు తలుపుదా వెనక తలుపుదా, కుడిదా ఎడమదా అన్నదీ, ఛాసిస్ నంబరూ చెప్పి తీసుకోండి. కుడిది ఎడమకి పట్టదు.

అద్దాన్ని మెషిన్‌కి పట్టి ఉంచే 10 నంబరు బోల్టులు తలుపు కన్నాల్లోంచి కనిపించే ఎత్తుకు అద్దాన్ని తెండి, సాధారణంగా సగం ఎత్తు. వాటిని వదులు చేసి, అద్దాన్ని చేత్తో పూర్తిగా పైకి జరిపి, ఫ్రేము మీదుగా రెండు చోట్ల మాస్కింగ్ టేపు గట్టిగా వేయండి. ఇప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. చెయ్యి లోపలుండగా ఎవరైనా స్విచ్ నొక్కితే వేళ్ళు మిగలవు. అద్దం అంచుకి స్పానరు తగలనీయకండి. టెంపర్డ్ గ్లాసు మధ్యలో గుద్దినా తట్టుకుంటుంది గానీ, అంచున ఇనుము తగిలితే గుప్పెడు గవ్వల్లా రాలిపోతుంది.

కేబుల్‌కి బదులు కత్తెరలా కదిలే ఇనుప కడ్డీలుండే కత్తెర రకం మెషిన్‌లో ఇంకో ప్రమాదం ఉంది. దానిలో అద్దం బరువుని మోసే బలమైన స్ప్రింగు ఉంటుంది. మోటారు విప్పగానే ఆ కడ్డీలు ఒక్కసారి విసురుగా కదులుతాయి. పళ్ళ చక్రాన్ని బోల్టుతోనో క్లాంపుతోనో చట్రానికి కట్టేసి, అప్పుడే మోటారు స్క్రూలు ముట్టుకోండి.

కొత్త మెషిన్ బోల్టులు ముందు వేళ్ళతోనే తిప్పి వదిలేయండి. అద్దాన్ని దానిలో కూర్చోబెట్టి, మోటారు కప్లర్, బ్యాటరీ నెగటివ్ మళ్ళీ తగిలించి, పైదాకా ఎక్కించి, రబ్బరు గాడిలో తిన్నగా కూర్చున్నాక బిగించండి. ముందే బిగిస్తే అద్దం ఒక పక్కకి వాలి, మళ్ళీ మోటారు మీద భారం మొదలవుతుంది. ప్యాడ్ వేయకముందే ఐదారుసార్లు ఎక్కించి దించి చూడండి. తలుపు అడుగు కన్నాల్లో మట్టి ఉంటే పుల్లతో తీసి, పాలిథిన్ షీటు మళ్ళీ అతికించి, ప్యాడ్ కొట్టండి. బ్యాటరీ తీశారు కాబట్టి అద్దానికి పై హద్దు మళ్ళీ నేర్పడం మరవకండి.